పల్లిమడిలో నేర్చిన స్పానిష్

మొగులమ్మకు స్పానిష్ వచ్చునని ఇంద్రేశంలో తెలిసినవాళ్లు నలుగురైదుగురే. ఆ భాష పేరు స్పానిష్ అని అది నేర్చిన ఆరేళ్లదాకా మొగులమ్మకే తెలియదు. ఆమె లెక్కలో అది దెల్ఫీనా మాట. దెల్ఫీనా మాట్లాడేది, తను విని నేర్చుకున్నది. అంతకుమించి దానికొక పేరుంటుందనీ, దేశాలకు దేశాలే ఆ మాట మాట్లాడతాయనీ ఆమె ఊహించలేదు.

భర్త పోచయ్యకున్న రెండెకరాల చెల్క వానలు పడ్డ ఏడు తిండికి సరిపోయేది, పడని ఏడు పడుకునేది. అందుకని పెళ్లయిన కొత్తలోనే మొగులమ్మ ఫారంలో పనికి కుదిరింది. పటాన్‌చెరు దగ్గర పెద్ద రోడ్డు పక్కనున్న పంటల పరిశోధన సంస్థను చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఫారం అనే అంటారు. అక్కడ ఆమెకు పల్లిమడుల్లో పని. సాయంత్రం పూట మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను వెతికి, సన్నటి చిమటాతో రెక్క విప్పి, లోపలి పుప్పొడి తిత్తులను ఒక్కొక్కటిగా తీసేయాలి. పొద్దున్నే వచ్చి వేరే రకం పల్లిచెట్టు పువ్వు నుంచి పుప్పొడి తెచ్చి అందులో పెట్టాలి. ఏ పువ్వుకు పెట్టామో గుర్తుండేట్టు కాడకు రంగుదారం కట్టాలి. పువ్వు చిటికెనవేలి గోరంత ఉంటుంది, మొగ్గ అంతకూడా ఉండదు. చెయ్యి వణికితే పని చెడుతుంది. మొగులమ్మ చెయ్యి వణికేది కాదు.

ఎనభై మూడులో మృగశిర కార్తె పోయాక దెల్ఫీనా వచ్చింది. బొలీవియా అనే దేశం నుంచి పని నేర్చుకోవడానికి వచ్చిన మనిషి. ఇరవై ఆరేళ్లుంటాయి, నడుము దాటిన రెండు జడలు, ఎండకు కమిలిన చెంపలు. ఆమెతోపాటు వేరే దేశాలవాళ్లు ఇంకా వచ్చారు గానీ వాళ్లందరికీ ఇంగ్లీషు వచ్చు, ఆమెకు రాదు. తరగతిలో కూర్చోబెడితే గోడవైపు చూస్తూ కూర్చుంటున్నదని, చేతితో చూపించి నేర్పగలిగే పని మడిలోనే ఉందని, సూపర్‌వైజరు ఆమెను తెచ్చి మొగులమ్మ పక్కన కూర్చోబెట్టాడు.

మొదటి నాలుగు రోజులూ ఇద్దరూ మూగవాళ్లలాగే పనిచేశారు. ఐదోనాడు మొగులమ్మ ఒక మొగ్గను చాలా నీటుగా విప్పడం చూసి దెల్ఫీనా ఆ మొగ్గవైపు వేలు చూపి, "మీరా, మీరా" అన్నది. చూడు అని. ఇక్కడున్నది నేనొక్కదాన్నే కదా, మీరు అని ఎవరిని అంటున్నదని మొగులమ్మ కాసేపు ఆలోచించింది. తర్వాత అర్థమై నవ్వింది. ఆమెకు పట్టుబడ్డ మొదటి మాట అదే. ఆ తర్వాత దారం ఈలో అయ్యింది, ఆకు ఓహా అయ్యింది, నిదానంగా అనడానికి దెస్పాసియో అన్నది వచ్చింది. కట్టడం ముగిశాక దెల్ఫీనా చేతులు దులుపుకొని "యా ఎస్తా" అనేది, అయిపోయిందని. మొగులమ్మ కూడా అలాగే దులుపుకొని అనేది. పల్లిని మనీ అంటారని తెలిసినప్పుడు మొగులమ్మకు మణి అని వినపడి ముచ్చటపడ్డది. ఈ పంట పుట్టింది మా దేశంలోనేనని దెల్ఫీనా మట్టిలో పుల్లతో కొండలు గీసి చెప్పింది. మొగులమ్మ పూర్తిగా నమ్మలేదు గానీ తల ఊపింది.

పని ఎట్లాంటిదో వాళ్ల మాటలూ అట్లాగే ఉండేవి. చూడు, పట్టుకో, కొయ్యి, కట్టు, నిదానం, రేపు. రేపటికీ పొద్దుటికీ ఆ భాషలో ఒకటే మాట, మన్యానా. సాయంత్రం విప్పిన మొగ్గకు పొద్దున పుప్పొడి పెట్టాలి కాబట్టి రోజూ విడిపోయే ముందు ఇద్దరూ అదే మాట చెప్పుకునేవారు.

మరుసటి వేసవిలో మొగులమ్మ తన బిడ్డ బాలమణికి బీరంగూడ గుట్టమీద మల్లన్న దగ్గర పుట్టువెంట్రుకలు తీయించింది. దెల్ఫీనా కూడా వెళ్లింది. మేనమామ యాదన్న మొదటి కత్తెర వేశాడు. దెల్ఫీనా అది చూసి ఉలిక్కిపడ్డట్టు ముందుకు జరిగి, తన గుండెమీద చెయ్యి పెట్టుకొని, తనూ ఒక కత్తెర వేస్తానని సైగ చేసింది. వేయనిచ్చారు. తమ కొండల్లో కూడా పిల్లలకు మొదటి వెంట్రుకలు ఇలాగే తీస్తారనీ, ఆ కత్తెర పట్టినామె తల్లికి సొంత మనిషి అవుతుందనీ, ఆ ఇద్దరూ ఒకరినొకరు కొమాద్రే అని పిలుచుకుంటారనీ మొగులమ్మకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. అర్థమయ్యాక ఆమె ఆ పిలుపు మార్చలేదు. అక్క, వదినె, చెల్లె, ఏ వరసలోనూ పట్టని మనిషికి ఆ మాట సరిగ్గా సరిపోయింది.

దసరా దాటాక దెల్ఫీనా వెళ్లిపోయింది. పోయేముందు మొక్కలకు కట్టే అట్టచీటీ ఒకటి తీసి దానిమీద తన చిరునామా రాసిచ్చింది. ఫారం బస్సు దగ్గర ఇద్దరూ ఏడవలేదు. "మన్యానా" అని అలవాటుకొద్దీ మొగులమ్మ నోటినుంచి వచ్చేసింది. దెల్ఫీనా బస్సెక్కింది.

తర్వాత నాలుగేళ్లలో మూడు ఉత్తరాలు వచ్చాయి. ఫారం ఆఫీసుకు వస్తే అక్కడి గుమాస్తా ఇచ్చాడు. విప్పి చూసి ఇది ఇంగ్లీషు కాదు, నాకు రాదని తిరిగి ఇచ్చేశాడు. ఫారంలో పెద్ద సార్లలో ఎవరికైనా వచ్చేదేమో గానీ, వాళ్ల బంగళాల దాకా పోయి అడగడానికి మొగులమ్మకు నోరు రాలేదు. తనకు తెలుగు అక్షరాలే రావు. ఆ మూడింటినీ పెట్టెలో చీరల మడతల్లో పెట్టుకున్నది. మడిలో కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పేటప్పుడు మాత్రం "దెస్పాసియో" అనేది. వాళ్లు కిసకిసలాడేవారు. వాళ్లు నవ్వినా ఆ మాటలు రోజుకొకసారైనా గాలిలో వినపడాలని ఆమెకు ఉండేది. తను అనకపోతే ఇక ఇక్కడ వాటిని అనేవాళ్లు లేరు.

ఎనభై తొమ్మిదిలో యాదన్న ఒక మనిషిని వెంటబెట్టుకొని వచ్చాడు. యాదన్న బొల్లారంలో మందుల కంపెనీలో డ్రమ్ములు ఎక్కించే పని చేసేవాడు. వచ్చినాయన అదే కంపెనీ డిస్పాచ్ సెక్షన్లో గుమాస్తా, పేరు లక్ష్మీకాంతం. సంగారెడ్డి గంజ్ బజారులో వాళ్లకు తరాలనాటి ధాన్యం దుకాణం ఉంది. దుకాణం అన్నల పాలబడితే ఈయన ఉద్యోగంలో చేరాడు. మెక్సికోకు పోయే డ్రమ్ములమీద ఆ దేశపు భాషలో లేబుళ్లు అంటించాలి. కొనేవాళ్లు పంపిన కాగితం చూసి ఒక్కో అక్షరం టైపు కొట్టడం ఆయన పని. ఏమి కొడుతున్నాడో తెలియకుండా ఒక ఏడాది కొట్టాడు. తర్వాత అది ఆయనవల్ల కాలేదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌మీద వెతికి ఇంగ్లీషులో స్పానిష్ నేర్పే పాతపుస్తకం ఒకటి, వెనక చిన్న నిఘంటువు ఉన్నది, కొనుక్కున్నాడు. మొదటి ముప్ఫై పేజీలు చిరిగిపోయి ఉన్నాయి. అయినా ఐదేళ్లపాటు కంపెనీ బస్సులో పోతూ వస్తూ దాన్ని అరగదీశాడు. అన్నేళ్లలో ఆ భాషలో ఒక్క మాట కూడా మనిషి నోట వినలేదు. ఒకనాడు గోదాంలో లేబులు చదువుకుంటుంటే యాదన్న విని, మా అక్క కూడా ఇట్లాంటి మాటలే మాట్లాడుతుందన్నాడట. ఆ వారమంతా లక్ష్మీకాంతానికి నిద్ర పట్టలేదట.

ఆయన మంచంమీద కూర్చొని, సంచిలోంచి ఒక కాగితం తీసి, గొంతు సవరించుకొని చదివాడు. ఎంతో శ్రద్ధగా రాసుకొచ్చిన నాలుగు వాక్యాలు. మొగులమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన ముఖం చిన్నబోయింది. ఇంకోసారి చదివాడు. ఈసారి కూడా కాలేదు. యాదన్న తప్పు తనదే అన్నట్టు నేల చూశాడు.

మొగులమ్మకే జాలేసి, కొంగు అంచులో పోగు ఒకటి లాగి చూపించింది.

"దీన్ని మేము ఈలో అంటం సారూ."

లక్ష్మీకాంతం పుస్తకం గబగబా తిప్పాడు. దారం దగ్గర వేలు ఆగింది. అక్కడ ఆ మాటకు ముందు హ అక్షరం ఉంది. ఆయన ఇన్నాళ్లూ దాన్ని హిలో అని చదువుతున్నాడు. ఆకు అడిగాడు. ఓహా అన్నది. ఆయన పుస్తకంలో చదువుకున్నది హోజా. ఆ హ రాస్తారే తప్ప పలకరనీ, జ కనపడిన చోట హ పలకాలనీ ఆ చిరిగిన ముప్ఫై పేజీల్లో ఎక్కడో ఉండి ఉంటుంది. ఆయన పుస్తకం మూశాడు.

"ఐదేండ్లు తప్పు సదివిన అక్కా," అన్నాడు. "ఇంకోసారి అను. జెర మెల్లగ అను."

అప్పటినుంచి ఆదివారాలు వచ్చేవాడు. ఆయన దగ్గర మాటలు వేలకొద్దీ ఉన్నాయి, ఒక్కదానికీ ప్రాణం లేదు. ఆమె దగ్గర నూటయాభై దాకా ఉన్నాయి, అన్నీ బతికున్నవే. ఆయన మాట చూపించేవాడు, దాన్ని దెల్ఫీనా అయితే ఎట్లా అనేదో ఆమె ఊహించి పలికేది. ఈ భాషలో త గానీ ద గానీ మన త, ద లాగే మెత్తగా పంటికి తగులుతాయని, ఇంగ్లీషులో లాగా నాలుక మడతపెట్టనక్కర్లేదని గ్రహించి ఆయన సంబరపడ్డాడు. మాటల్లో చాలాభాగం మన మాటల్లాగే అచ్చుతో ఆగుతాయి. కుక్కను పెర్రో అనే మాటలో ర దగ్గర ఆయన తడబడుతుంటే, నాలుక రాళ్లదారిలో బండి లెక్క ఉరకాలని ఆమె చెప్పింది. అది మన బండి ఱయేనని ఆయన చప్పట్లు కొట్టాడు. బడిలో పంతులు పోగొట్టుకున్న అక్షరం ఇక్కడ దొరికిందన్నాడు.

మూడో ఆదివారం మొగులమ్మ పెట్టె తెరిచి ఉత్తరాలు తెచ్చి ఆయన ముందు పెట్టింది. అంతవరకు వాటి ఊసెత్తలేదు. మొదటిదానిలో దెల్ఫీనా క్షేమంగా చేరిన కబురు ఉంది. రెండోదానిలో తల్లి పోయిన కబురు ఉంది. నాలుగేళ్ల కిందటి చావుకు మొగులమ్మ అప్పుడు కండ్లు తుడుచుకున్నది. మూడోది చిన్నది. అందులో ఒక వాక్యం దగ్గర లక్ష్మీకాంతం ఆగి, నిఘంటువు తిప్పాడు, మళ్లీ తిప్పాడు.

"ఏమన్నది సారూ?"

"తె ఎక్స్త్రాన్యో ముచో, కొమాద్రే, అని ఉన్నది." ఆయనకు చెప్పాలనిలేదు. "ఎక్స్త్రాన్యో అంటే పరాయి, వింత అని ఉన్నది ఇందుల. నువ్వు శానా పరాయిదానివైనవ్ అన్నట్టున్నది."

"గట్లనే ఉన్నదా?"

"గట్లనే ఉన్నది అక్కా."

మొగులమ్మ ఉత్తరం తీసుకొని మడతలు కలిపింది. నాలుగేళ్లు జవాబు రాయని మనిషిని ఇంకేమంటారు, సరిగ్గానే అన్నది అనుకున్నది. జవాబు రాసిస్తానని లక్ష్మీకాంతం అన్నాడు. తర్వాత చూద్దామన్నది. ఆ తర్వాత ఆయన ఎన్నిసార్లు కదిపినా ఆ మాటే.

అయినా ఆయనకు మాటలు చెప్పడం మానలేదు. ఆమె మాటల్లో నిన్న అనేది లేదని ఆయనే కనిపెట్టాడు. మడిలో నేర్చిన భాష కదా, చెయ్యి, చూడు, రేపు, అంతే. జరిగిపోయినదాన్ని చెప్పే దారి ఆమెకు తెలియదు. పుస్తకంలో ఉన్న భూతకాలం అంతా ఆయన పాటలాగా చెప్పి వల్లెవేయించాడు. చాలా వారాలకు, పల్లికాయ ఒలుస్తూ, ఎవరూ అడగకుండానే, ఆమె తనంత తాను ఒక వాక్యం కూర్చింది. "యో తెనీయా ఉనా కొమాద్రే." నాకొక కొమాద్రే ఉండేది. ఒక్క తప్పు లేదు. లక్ష్మీకాంతం మెచ్చుకోబోయి, ఆమె ముఖం చూసి, తనూ పల్లికాయ ఒలవసాగాడు.

మూడేళ్లు అట్లా గడిచాయి. ఆ మూడేళ్లలో పల్లిమడిలో ఆమె "దెస్పాసియో" అనడం తగ్గిపోయింది. పిల్లలకు తెలుగులోనే చెప్పేది. దెల్ఫీనామీద కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేదని యాదన్నతో ఒకసారి అన్నది. మొగ్గ విప్పేటప్పుడు పక్కన ఎవరో కూర్చున్నట్టే ఉండి తల తిప్పితే ఖాళీ మడి కనపడేది. ఆ మనిషికి తను పరాయిదైందని తన చెవులు విన్నాయి గానీ తన చేతులు ఇంకా వినలేదు.

తొంభై రెండులో హైదరాబాదులో ఆదివారం పొద్దున స్పానిష్ తరగతులు పెడుతున్నారని పేపర్లో చూసి లక్ష్మీకాంతం చేరాడు. సంగారెడ్డిలో మొదటి బస్సు ఎక్కితే తరగతి వేళకు అందుకునేవాడు. చెప్పేది రిటైరైన మాస్టారు. ఆయన ఈయన ఉచ్చారణ విని, ఏ దేశంలో ఉండి వచ్చారని అడిగారు. ఇంద్రేశంలో అని లక్ష్మీకాంతం జవాబిచ్చాడు. ఆరో వారమో ఏడో వారమో మాస్టారు ఉత్తరాలు రాసే పద్ధతి చెబుతూ బోర్డుమీద ఒక వాక్యం రాశారు. తె ఎక్స్త్రాన్యో. లక్ష్మీకాంతం కలం కిందపెట్టాడు. ఆ మాటకు పరాయి అనే అర్థం ఉన్నమాట నిజమే. కానీ ముందు తె వచ్చినప్పుడు అది వేరే మాట, ఒక క్రియ. దాని అర్థం మాస్టారు చెబుతుండగానే ఆయన లేచి, తరగతి మధ్యలోనే బయటికి వచ్చేశాడు. పటాన్‌చెరు దాకా బస్సు, అక్కడినుంచి షేరింగ్ ఆటో. మధ్యాహ్నానికి ఇంద్రేశం చేరాడు.

మొగులమ్మ వాకిట్లో బట్టలు ఆరేస్తున్నది. వేళకాని వేళ వచ్చినందుకు ఏమైందోనని చూసింది.

"అక్కా, నేను నీకు తప్పు చెప్పిన."

"దేని ముచ్చట సారూ?"

"ఆఖరి ఉత్తరం. పరాయిదానివని కాదు. గట్ల లేదు." ఆయనకు ఊపిరి అందడం లేదు. "నువ్వు శానా యాదికొస్తున్నవ్ అని రాసింది. నువ్వు లేవని మనసున పడ్తలేదని. నా పుస్తకంల గా అర్థం లేదు. నాకు తెల్వది."

మొగులమ్మ చేతిలోని తడిచీర అలాగే పట్టుకొని నిలబడ్డది. నీళ్లు కారి కాళ్లమీద పడుతున్నాయి.

"ఇంకోసారి అనుండ్రి. గామె మాట అనుండ్రి, మనది కాదు."

అన్నాడు. ఆమె పెదవులు కదిపి తనలో తాను అనుకున్నది. ఇంత చిన్న మాటేనా అన్నది. తర్వాత తడిచీరతోనే గడపమీద కూర్చున్నది.

"మీ తప్పు లేదు. మీరు సదివింది చెప్పిన్రు. నాకు ఎర్క ఉండాలె. గామె పక్కన కూసున్నది నేను." చీర అంచు పిండింది. "నేనే మరిచిన అనుకుంటది గామె."

ఉత్తరం రాస్తానని లక్ష్మీకాంతం కాగితం తీశాడు. వద్దన్నది. ఇంత ఆలస్యమయ్యాక తన గొంతు పోవాలి గానీ వేరే చేతి రాత కాదన్నది. మరుసటి ఆదివారం ఆయన తమ ఇంటి టేప్‌రికార్డరు తెచ్చాడు. బాలమణి మీట నొక్కింది. మొగులమ్మ పల్లిమడిలో కూర్చున్నట్టు కింద కూర్చొని మాట్లాడింది. ఉత్తరాలు అందాయనీ, చదివేవాళ్లు లేకపోయారనీ, చదివిన మాట తప్పుగా వచ్చిందనీ చెప్పింది. బాలమణికి జడ నడుము దాకా వచ్చిందని చెప్పింది. ఆమె అమ్మ పోయినందుకు ఇప్పుడు ఏడుస్తున్నానని చెప్పింది. నిన్నటిని చెప్పే మాటలన్నీ, లక్ష్మీకాంతం వల్లెవేయించినవి, ఆనాడు పనికొచ్చాయి. దొరకని చోట ఊరుకున్నది. ఆ ఊరుకున్న చోట్ల వాకిట్లో కోళ్లు అరిచాయి, లారీ పోయింది. తీసేద్దామా అని లక్ష్మీకాంతం అడిగితే ఉండనివ్వమన్నది. అట్టచీటీమీది చిరునామాకు క్యాసెట్టు పంపారు.

ఎనిమిది నెలలు ఏమీ రాలేదు. ఇల్లు మారిందేమో, మనిషి ఉందో లేదో అని యాదన్న అంటే మొగులమ్మ వినపడనట్టు ఉండేది. తర్వాత బతుకమ్మ రోజుల్లో లక్ష్మీకాంతం ఇంటికి పొట్లం వచ్చింది. అందులో క్యాసెట్టు.

గొంతు విన్న వెంటనే గుర్తుపట్టింది. కాస్త లావైంది, అంతే. కానీ దెల్ఫీనా ఇప్పుడు మడిలో మాట్లాడినట్టు ఒక్కో మాటా విడదీసి మాట్లాడటం లేదు. కొమాద్రే ఇంత నేర్చిందని ఆనందమో ఏమో, సొంతవాళ్లతో మాట్లాడినట్టు వాగు పారినట్టు మాట్లాడింది. మొగులమ్మకు సగం అందింది, సగం జారిపోయింది. లక్ష్మీకాంతం అర్థం చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పకుండ్రి సారూ. నాకే తెల్వాలె."

ఆ చలికాలమంతా ఆమెకు అదే బడి. రోజూ పనినుంచి వచ్చి, పొయ్యి ముట్టించే ముందు, కొంచెం వినేది. ఆపి, అనేది. వెనక్కి తిప్పి మళ్లీ వినేది. లక్ష్మీకాంతం ఆదివారం వస్తే పట్టుబడని మాటను పలికి చూపేది, ఆయన ఆ ఒక్క మాటకే అర్థం చెప్పేవాడు. అట్లా ఒక్కొక్కటీ తేలాయి. దెల్ఫీనా ఇప్పుడు పంటల పనిలో లేదు, పట్నంలో పిల్లలకు చదువు చెబుతున్నది. ఒక కొడుకు. ఇంద్రేశంనుంచి జవాబు రాకపోతే కోపం వచ్చిందేమో, ప్రాణం పోయిందేమో అని రెండు రకాలుగా అనుకుంటూ బతికింది. చివరలో మాత్రం నిదానంగా, పాతరోజుల్లోలాగా, ఒక ప్రశ్న అడిగింది. "క్వాందో వియెనెస్?" ఎప్పుడొస్తావు. అది మొగులమ్మకు మొదటిసారి విన్నప్పుడే, ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

ఆ తర్వాత పదేళ్లలో అటు నాలుగు, ఇటు నాలుగు క్యాసెట్లు వెళ్లి వచ్చాయి. మొగులమ్మ అన్నీ చెప్పింది. బాలమణి పెళ్లి చెప్పింది. ఇంద్రేశంలో చెల్కలన్నీ తెల్లరాళ్లు పాతి ప్లాట్లు చేస్తున్నారని, తమ రెండెకరాల చుట్టూ ఇండ్లు లేస్తున్నాయని చెప్పింది. చూపు మందగించి మొగ్గలోని తిత్తులు కనపడక ఫారం పని మానేసినప్పుడు, అది కూడా చెప్పింది. దెల్ఫీనా ప్రతిసారీ చివర ఆ ఒక్క ప్రశ్న అడిగేది. దానికి మాత్రం మొగులమ్మ జవాబు చెప్పేది కాదు.

లక్ష్మీకాంతం అప్పటికి అమీన్‌పూర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. స్పానిష్ ఆయనకు ఇప్పుడు కంపెనీలో అందరూ అడిగేంత బాగా వచ్చు. అయినా కొత్త మాట పట్టుకొని ఆమె దగ్గరికి రావడం మానలేదు. ఒక ఆదివారం, ఇంకో క్యాసెట్టు నింపుతుండగా, ఆమె మళ్లీ ఆ ప్రశ్నను దాటేయడం గమనించి ఆయన టేపు ఆపాడు. ఇన్నేళ్లుగా అడుగుతున్నది కదా, ఏదో ఒకటి చెప్పొచ్చు కదా అన్నాడు. మాట తెలియకపోతే తను చెబుతానన్నాడు.

"మాట నాకొచ్చు సారూ," అన్నది మొగులమ్మ. "రాను అని చెప్పనీకి ఎన్ని మాటలు కావాలె. నోరే వస్తలేదు."

ఆయన టేపు నడిపించాడు. మొగులమ్మ ముందుకు వంగి, ఈ ఏడు వానలు ఎట్లా పడ్డాయో దెల్ఫీనాకు చెప్పసాగింది.